అండీ అని అడిగే గొంతు

ఆశ్వయుజ బహుళ తదియ

గాలి పెట్టెలో గొంతు మారింది.

పొద్దున పీతల బుట్టలకు ఎర కడుతున్నాను. గట్టువాళ్లు పెట్టెలో మమ్మల్ని అడిగే వేళయింది. ఇన్నేళ్లూ ఒకటే గొంతు, ఒకటే మాట: "గాలి. ఉన్నారా?" ఉమ్మేసినట్టు ఉండేది. అందులో తప్పేం లేదు. అడగాల్సింది అడిగి పోయేవాడు. ఇవాళ ఆడగొంతు వచ్చింది. "గాలి కబురు వినేవారు ఎవరైనా ఉన్నారా అండీ?"

గట్టువాళ్లు నాకు కొత్త కాదు. ముంపు తర్వాత నీళ్లపైన మిగిలిన నేల ఆ గట్టు ఒక్కటే కాబట్టి ఆఫీసులు, ఆస్పత్రి, ఎండకు కరెంటు చేసే పలకలు అన్నీ అక్కడే. మేం తెప్పల మీద. వాళ్లు మాతో అండీ అనరు. అన్నారంటే ఏదో పట్టుకుపోవడానికే.

నేను ఆలోచిస్తూ కూర్చునేసరికి నాలుగో తెప్పవాళ్లు గంట తాడు లాగేశారు. ఒక తెప్పలో లాగితే పద్నాలుగు తెప్పల్లోనూ మోగుతుంది. మిగతావాళ్లం చేతులు దించేశాం. ఒకరు ఉన్నామంటే మా తెప్పల వరుసంతా ఉన్నట్టే, గట్టువాళ్లు గాలి కబురు పంపడానికి అంతే కావాలి. ఎందరున్నారన్నది వాళ్లకు అక్కర్లేదు. ఒకరు లాగాక రెండోవాడు లాగాడంటే మొదటివాడి మాట నమ్మనట్టు. ఇలాంటి రెండో గంట మీద కుదిరిన సంబంధాలు చెడిపోవడం నేను చూశాను.

నా కూతురు కాసులమ్మను అడిగాను, గొంతు విన్నావా అని. పడవలోకి బుట్టలు దించుతూ, బాగుందయ్యా, మెత్తగా ఉంది అంది. మెత్తగా ఉన్నదానికే ముల్లు ఉంటుందని చెప్పాను. వినలేదు. బయటి సముద్రంలో పీతలు పడుతున్నాయట, ఈ వారమంతా అటే పోతానంది.

పంచమి

గాలి కబురు రాలేదు.

కబురు రాకపోతే మా వరుసలో ఎవరూ బెంగపడరు. గాలి మారితేనే గట్టువాళ్లు మాట్లాడతారు, మారకపోతే మాట్లాడరు. పెట్టె ఊరుకుందంటే ఆకాశం బాగున్నట్టే. మా పిల్లలకు అలాగే నేర్పాం. కానీ ఇది ఆశ్వయుజం. ఈ నెలలో గాలి రెండు రోజులు ఒకచోట కూర్చోదు. తూర్పున లేస్తుంది, పడుతుంది, తిరుగుతుంది. ఏడాదంతా నోరు మూసుకున్నా ఈ నెలలో మాత్రం పెట్టె వాగుతూనే ఉండాలి.

సందెవేళ గొంతు మళ్లీ అడిగింది. అండీ అంది. ఎవరో గంట లాగారు. తర్వాత ఏమీ లేదు. పాటలు వచ్చాయి, చేపల ధరలు వచ్చాయి. వాటిని అడిగే గొంతులు వేరు, అవి పాతవే. గాలి ఒక్కటే రాలేదు.

పక్క తెప్ప కోర్లయ్యది. నా భార్యకు తమ్ముడు. ఆమె పోయి చాలా కాలమైనా వాడు నన్ను వదల్లేదు, నేనూ వాణ్ణి వదల్లేదు. వాడితో చెప్పాను. వాడు వల బాగుచేస్తూ తల కూడా ఎత్తలేదు.

"బావా, గాలి నేకపోతే కబురు నేదంటావు, కబురు నేకపోతే గాలి ఉందంటావు. నీకు ఏటి కావాలి?"

గొంతు మారిందిరా అన్నాను.

"మారితే మంచిదే కదేటి. పాతోడు కుక్కలాగ మొరిగేవోడు. ఈయమ్మ అడిగితే ఉన్నామని సెప్పాలనిపిస్తంది. నానైతే ఇప్పుడు రోజూ ముందే లాగేస్తన్నాను."

అదీ నాకు నచ్చలేదు. కోర్లయ్య జన్మలో ఏ పనికీ ముందుండలేదు.

నాకు వాడి మీదా అనుమానం వచ్చింది. గాలి కబురు ముందు తనే విని, మంచి రోజున చెప్పకుండా వేటకు పోతున్నాడేమో అనుకున్నాను. రెండు పూటలు వాడి గుడిసె వెనక నిలబడి విన్నాను. వాడి పెట్టె కూడా ఊరుకునే ఉంది. వాడు గురక పెడుతున్నాడు.

సప్తమి

వరుస చివర కొత్త తెప్ప ఒకటి ఉంది. అమావాస్యకు ముందో తర్వాతో వచ్చి కట్టుకున్నారు. గట్టు మనిషి, ఒంటరి ముసలావిడ. పేరు భాగీరథమ్మ. తెప్ప మీద కుండీల్లో బంతి మొక్కలు. తాడు విసిరితే పట్టుకోవడం రాదు, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. గట్టు మీద గట్టి నేల వదిలి ఎవరైనా నీళ్లమీదికి వస్తారా? లెక్కలు చూడటానికి పంపారని నా అనుమానం. ఎన్ని తెప్పలు, ఎన్ని పడవలు, ఎవడు గంట లాగుతాడు, ఎవడు లాగడు.

ఇవాళ మంచినీళ్ల పంపకంలో ఎదురైంది. నమస్కారం పెట్టింది. నేను పెట్టలేదు.

మొదటి తెప్పవాణ్ణి నేను. తెప్పలన్నిటినీ కట్టి, పెట్టెల తీగనూ మోసే ఈ మోకుకు మొదటి ముడి వేసింది నేను. నీళ్ల పంపకం నా తెప్ప నుంచే మొదలవుతుంది. అలలు చివరి తెప్పను కొట్టినట్టు నా తెప్పను కొట్టవు. కొత్తగా వచ్చినవాళ్లు తోకలో ఉండాలి, ఆవిడా ఉంది. ఆ విషయంలో నాకు జాలి లేదు.

అష్టమి

కోర్లయ్యను బలవంతాన పడవెక్కించి గట్టుకు పోయాను. పొద్దున బయల్దేరితే ఎండెక్కాక చేరాం. దారి పొడుగునా వాడు తెడ్డు వేయకుండా నన్ను దెప్పాడు.

గాలి ఆఫీసులో ఇందుమతి అనే పిల్ల ఉంది. మా కబురు ఎందుకు ఆపారని అడిగాను. ఆపలేదంది. మీ వరుసవాళ్లకు గాలి కబురు అక్కర్లేదు కాబట్టి పంపట్లేదంది.

"అక్కర్లేదని ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు తాతగారూ. కావాలని ఎవరూ చెప్పలేదు. మీ వరుస నుంచి గాలికి గంటే రాలేదు."

మూడు పూటలా లాగుతున్నామని కోర్లయ్య గుండెలు బాదుకున్నాడు. తన చేయి కాయకట్టిందని చూపించాడు. ఆ పిల్ల నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, మిమ్మల్ని అడుగుతున్నది ఎవరు అంది.

మీరే అన్నాను.

మేం కాదంది. అప్పుడు విషయం బయటపడింది. ఒక మోకు మీద ఇద్దరు అడగకూడదు. రెండు గొంతులు కలిస్తే, ఏ పెట్టె నంబరు చిన్నదో అది పెద్ద గొంతు, దానికే అడిగే హక్కు. రెండోది మర్యాదగా ఊరుకోవాలి. మా వరుస మీద నంబరు ఒకటి పెట్టె అడుగుతోందట. వీళ్లది నంబరు మూడు. అందుకని నోరు మూసుకున్నారు. మా గంటలేమో అడిగినవాడి దగ్గరికే పోతాయి, అటు పోయి అక్కడే ఆగిపోతున్నాయి.

"ఒకటో నంబరు పెట్టె ఎవరిది?"

"మా పెద్దమ్మగారిది. నలభై ఏళ్లు వేరే వరుసలను గాలికి అడిగింది ఆవిడే. పని మానేసిన రోజున జ్ఞాపకంగా ఇచ్చాం. పాడైపోయిన పెట్టె అనే ఇచ్చాం."

పేరు చెప్పక్కర్లేదన్నాను.

మీరే మళ్లీ అడగండి అంటే కుదరదంది. పెద్ద గొంతు వరసగా మూడు పిలుపులు ఊరుకుంటే ఇక లేదనుకుని వీళ్ల పెట్టె తనంతట తనే అడగడం మొదలుపెడుతుంది. ఈలోపు మధ్యలో ఒక్కసారి అడిగినా ఎదురుచూపు మళ్లీ మొదటికి వస్తుంది. చేత్తో మార్చడానికి లేదట. పూర్వం చేత్తో మార్చే వీలుంటే అడిగేవాళ్లు ఒకరి వరుసలు ఒకరు లాక్కున్నారట. ఉన్న నియమాలన్నీ ఎవడో ఒకడు దొంగతనం చేశాకే పుడతాయి, అది నేను నమ్ముతాను.

తిరుగుదారిలో కోర్లయ్య తల వంచుకుని తెడ్డు తనే వేశాడు. గుడ్డి నమ్మకం పోయినవాడి మొహం అలాగే ఉంటుంది.

నవమి

సందె పిలుపు అయ్యాక భాగీరథమ్మ తెప్ప ఎక్కాను. పిలవలేదు, చెప్పలేదు, ఎక్కేశాను. పెట్టె గుడ్డ కప్పి దేవుడి మూల పెట్టుకుంది. గుడ్డ లాగేశాను.

ఎవరు పంపారని అడిగాను. ఎవరూ పంపలేదంది. ఎంతకు అమ్ముకున్నావంటే అర్థం కాలేదు. మా గంటలన్నీ మింగి ఏం చేస్తున్నావంటే అప్పుడు కూర్చుంది.

గట్టు మీద తనకు ఇచ్చిన గదిలో గోడలు తప్ప ఏమీ లేవట. నలభై ఏళ్లు పొద్దున లేస్తే అడగడం, ఎక్కడో నీళ్ల మీద ఎవరో గంట లాగడం. మొహాలు తెలియవు, గంట తెలుసు. పని మానేశాక ఆ చప్పుడు లేక నిద్ర పట్టలేదట. అందుకే గంటలు లాగే మనుషుల దగ్గరికి వచ్చింది. పెట్టెను తనే విప్పి బాగుచేసుకుంది.

"మీరు లాగే గంట గట్టుకు చేరట్లేదని నాకు తట్టలేదండీ దానయ్య గారూ. నేను అడుగుతున్నాను, మీరు పలుకుతున్నారు. అంతవరకే చూశాను."

ఏడిస్తే నమ్మేవాణ్ణి కాదు. ఏడవలేదు. నేను చెప్పేది చెప్పాను. నా కూతురు రోజూ బయటి సముద్రానికి పోతోంది. గాలి తిరిగితే నేను గుడ్డ ఎగరేయాలి. ఎర్రగుడ్డ అంటే ఇంటికి రా. పసుపు గుడ్డ అంటే ఇటు రాకు, దక్షిణాన దిబ్బల వెనక దాక్కో. గాలి ఎటునుంచి వస్తుందో తెలియకుండా ఏది ఎగరేయను? తప్పుగుడ్డ ఎగరేస్తే దాన్ని నా చేత్తో చావులోకి పిలిచినట్టే.

ఇక అడగనంది. దేవుడి మీద ఒట్టేసింది. నేను ఒట్లు నమ్మను, అయినా దిగి వచ్చాను.

ఏకాదశి

ముసలావిడ అడిగింది.

నిన్న పొద్దున ఊరుకుంది, మధ్యాహ్నం ఊరుకుంది. ఇంకొక్క పూట ఊరుకుంటే మా గొంతు మాకొచ్చేది. సందెవేళ వచ్చింది, "ఉన్నారా అండీ?" అని. చెప్పలేనంత చిన్నగా. ఏ బుద్ధిలేనివాడో గంట కూడా లాగాడు.

ఇవాళ తెల్లారగానే పోయి అరిచాను. చుట్టుపక్కల తెప్పలవాళ్లు చేరారు. అందరూ ఆవిడ వైపే. ముసలిదాని మీద పడి అరుస్తావేంటన్నారు. ఆకాశం చూడు, అద్దంలా ఉంది, కబురు రాకపోతే ఏం కొంపలు మునిగాయన్నారు. గట్టు మీద విన్నది చెప్పరా అని కోర్లయ్య వైపు చూశాను. వాడు చెప్పాడు. గంట లాగింది తనే అని కూడా చెప్పాడు. చెయ్యి అలవాటుగా పోయిందట.

భాగీరథమ్మ పెట్టె తీగ పీకి నా చేతిలో పెట్టింది. "మీ దగ్గరే ఉంచండి. నా చేతి మీద నాకు నమ్మకం లేదు" అంది. ఈ వారంలో నేను నమ్మిన మొదటి మాట అది.

ఇవాళ పొద్దున, మధ్యాహ్నం, సందె గడవాలి. రేపు పొద్దుటికి గట్టు గొంతు రావాలి.

కాసులమ్మను రేపు పోవద్దన్నాను. బుట్టలు నీళ్లలో ఉన్నాయి, తీయకపోతే పీతలు ఒకదాన్నొకటి తినేస్తాయంది. గాలిలేని రోజున పోవద్దంటావు, గాలి ఉన్న రోజునా పోవద్దంటావు, నీ అనుమానంతో నన్ను కట్టేస్తావా అంది. దానిది నా నోరే.

ద్వాదశి

కాసులమ్మ చీకటితోనే పోయింది.

తెల్లారేసరికి అలలు మారాయి. పైన గాలి లేదు, కింద నీళ్లు మాత్రం ఎవరో దూరాన తోస్తున్నట్టు పొడుగ్గా, బద్ధకంగా లేచాయి. మంచు తెర కమ్మింది. పక్క వరుస జెండా కొయ్య కూడా కనపడలేదు.

పొద్దుటి పిలుపు వేళ అయింది. పెట్టె పలకలేదు. మధ్యాహ్నం దాకా ఆగాలా? భాగీరథమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ లెక్కపెట్టి చెప్పింది. నిన్న గొడవలో నేను తీగ తీసుకునేలోపే పొద్దుటి పిలుపు వేళకి ఆవిడ చెయ్యి తగిలి పెట్టె ఒకసారి అడిగేసిందట. మేం అరుచుకుంటూ వినలేదు. కాబట్టి మూడోది ఈ పొద్దుటిదే. గట్టు అడిగేది మధ్యాహ్నమే.

మధ్యాహ్నం దాకా ఆగే గాలి కాదు అది.

"గట్టువాళ్లు అడక్కుండానే వాళ్లకు చెప్పే దారే లేదా?" అన్నాను.

"ఉంది. కొత్తగా వచ్చిన తెప్పకు ఉంది. కట్టుకున్న వెంటనే, ఎవరూ అడక్కపోయినా, నాకు గాలి కబురు కావాలి అని చెప్పుకోవచ్చు. ఆ మాట అడిగేవాళ్ల దగ్గర ఆగదు, నేరుగా గట్టుకు పోతుంది. ఉన్నవాళ్లకు ఆ హక్కు లేదు. నేను అడిగేదాన్నని రాసుకున్నారు, నా తెప్ప వినేదాని కింద లెక్కకు రాదు."

అంటే ఎవరో ఒకరు ముడి విప్పుకుని, వరుస వదిలి, కొత్తవాడిలా తోకలో కట్టుకోవాలి.

నేను పోయి తొమ్మిదో తెప్పవాణ్ణి అడిగాను. పదోవాణ్ణి అడిగాను. మా జాగా మీద నీ కన్ను ఎప్పటినుంచో ఉందన్నారు. కోర్లయ్యను అడిగాను.

"నన్ను తోకకి పంపి నా జాగా కూడా కలిపేసుకుందామనా బావా? నీకు అంత నమ్మకముంటే నువ్వే ఇప్పుకో."

వాడు వెటకారానికే అన్నాడు.

నేను గంట రెండుసార్లు లాగాను. వరసగా రెండుసార్లు లాగితే వదిలిపోతున్నట్టు. మొదటి తెప్ప నుంచి అది ఏనాడూ మోగలేదు. అందరూ బయటికి వచ్చారు. నేను కత్తి తీసుకుని, నేను వేసిన ముడినే కోశాను. విప్పే తీరిక లేదు, తడిసి తడిసి రాయిలా ఉంది అది.

తెప్ప కదిలింది. అలలు దాన్ని తెప్పల పక్కగా తోశాయి. నేను గడకర్ర పట్టుకుని ఒక్కొక్క తెప్పనూ నెట్టుకుంటూ పోతుంటే అందరూ నన్నే చూస్తున్నారు. చివర భాగీరథమ్మ నిలబడి ఉంది. తాడు విసిరాను. చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తాడు నీళ్లలో పడింది. రెండోసారి విసిరితే ఒళ్లు మొత్తం దానిమీద వేసేసి పట్టుకుంది. కుండీ ఒకటి సముద్రంలోకి పోయింది.

ముడి వేసి, తీగ కలిపి, మాట గొట్టం నోటికి పెట్టుకున్నాను.

"కొత్త తెప్ప. దానయ్య. గాలి కబురు కావాలి."

మొదటి ముడి వేసినవాణ్ణి, కొత్త అని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా అన్నాను.

పెట్టె పలికింది. పాతవాడి గొంతే, ఉమ్మేసినట్టే. ఈశాన్యం నుంచి తుఫాను గాలి, మధ్యాహ్నానికి ముందే. బయట ఉన్న పడవలు వరుసలకు రాకూడదు. దిబ్బల వెనక్కి పోవాలి. వాడు అది రాత్రి నుంచీ చెబుతున్నాడని మాట తీరులోనే తెలిసింది.

మోకు మీద ఒకరికి వస్తే కావాలన్న అందరికీ వస్తుంది. పద్నాలుగు పెట్టెలూ ఒక్కసారే పలికాయి. నేను అరవక్కర్లేకపోయింది. జెండా కొయ్య నా పాత జాగా పక్కనే ఉంది, కోర్లయ్యకు దగ్గర. వాడు పసుపు గుడ్డ ఎగరేశాడు. మంచు తెర అప్పుడే గాలికి చిరగడం మొదలైంది.

నిజం రాయాలి. కబురు రాకపోయి ఉంటే నేను ఎర్రది ఎగరేసేవాణ్ణి. నాకు ఏ అనుమానమూ లేదు, ఎర్రదే.

చతుర్దశి

నిన్నంతా రాయడానికి వీల్లేకపోయింది. తోకలో తెప్ప ఎలా ఎగురుతుందో నాకు ఇన్నేళ్లూ తెలియదు. భాగీరథమ్మా నేనూ నా గుడిసె స్తంభానికి ఒకే తాడుతో కట్టుకుని కూర్చున్నాం. ఆవిడ ఏవో వరుసల పేర్లు చదువుతూనే ఉంది. దండకమనుకున్నాను. నలభై ఏళ్లు అడిగిన వరుసలట.

ఇవాళ పొద్దున గాలి తగ్గింది. మూడు తెప్పల కప్పులు పోయాయి. మనుషులెవరూ పోలేదు.

పడవలు ఒకటొకటిగా దిబ్బల వైపునుంచి వచ్చాయి. కాసులమ్మ పడవ నేను ముందే చూశాను. అది నన్ను చూడలేదు. తిన్నగా వరుస మొదటికి పోయింది. అక్కడ కోసిన ముడి వేలాడుతోంది, కింద నీళ్లున్నాయి. అది తెడ్డు వదిలేసింది. నేను పిలుస్తూనే ఉన్నాను, గాలికి గొంతు అటు పోలేదు. కోర్లయ్య బయటికి వచ్చి తోక వైపు చేయి చూపించాడు. ఆ వెధవ మొహం చూసి అది ఇంకా భయపడింది.

పద్నాలుగు తెప్పలూ దాటుకుంటూ వచ్చింది. నా తెప్ప పక్కన పడవ ఆనించి చాలాసేపు ఎక్కలేదు.

"అయ్యా, అక్కడ నీల్లే ఉన్నాయి. నువ్వు నేవనుకున్నాను."

ఉన్నానని చెప్పాను.

"ఇక్కడేటి సేస్తన్నావు?"

కొత్తగా వచ్చానన్నాను. అప్పుడు ఎక్కి, నన్ను కొట్టింది. గట్టిగానే. తర్వాత పక్కన కూర్చుని, బుట్టలు రెండు మాత్రమే దక్కాయని చెప్పింది. భాగీరథమ్మ గంజి కాచి తెచ్చింది. కాసులమ్మ ఆవిణ్ణి పైకీ కిందికీ చూసింది. గంజి మాత్రం తాగింది.

అమావాస్య

వరుస దినచర్య మొదటి తెప్పవాడే రాయాలి. అది ఇప్పుడు కోర్లయ్యది. జాగా వెనక్కి ఇస్తానన్నాడు. తోకలోకి వచ్చినవాడు తోకలోనే ఉండాలని నేనే అందరికీ చెప్పినవాణ్ణి, తీసుకోలేదు. ఈ పుస్తకం సందెవేళ వాడికి ఇచ్చేస్తాను.

నా బావమరిది చెడ్డవాడు కాదు. కానీ పసుపు గుడ్డ తానే ఎగరేశానని రాస్తాడు. అది అబద్ధం కాదు. ఎవరు కబురు తెప్పిస్తే ఎగరేశాడో రాయడు. అందుకే వాడి చేతికి పోకముందే ఇవన్నీ రాసిపెట్టాను. ఈ తర్వాతి పుటలు చదివేవాళ్లు కాస్త చూసి నమ్మండి.